బొగ్గు గీత పెట్టిన గుడ్డు

తొమ్మిదిన్నర. పదిన్నరకు నిజామాబాదు బస్సు మోస్రా రోడ్డు మీద ఆగుతుంది. అది తప్పితే మళ్ళీ మూడింటి దాకా లేదు, రెండింటికి నేను దవాఖానలో డ్యూటీ ఎక్కాలి, ఎక్కే ముందు కంఠేశ్వర్ బడిలో పెద్ద టీచరమ్మ ముందు ఎస్తేరును నిలబెట్టాలి, ఈ సోమవారం దాటితే ఒకటో తరగతిలో ఖాళీ ఉండదని ఆమె మొన్ననే చెప్పింది. ఇన్ని పనులు నెత్తిన పెట్టుకున్న మనిషిని, మా అక్క కమలమ్మ ఇంటి వెనక అర్రలో మోకాళ్ళ మీద గడ్డం ఆనించి ఒక గుడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. గంపలో వరిగడ్డి, గడ్డి మీద అక్క బూడిదరంగు కోడి, దాని రెక్కల కింద తెల్లవారుజాము నుంచి పుట్టిన ఎనిమిది పిల్లలు. అప్పుడప్పుడు ఒక పసుపు ముక్కు ఈకల సందులోంచి బయటికి వచ్చి, లోకం చూసి, నచ్చనట్టు లోపలికి పోతోంది. తొమ్మిదోది ఈ గుడ్డు. దాని మీద బొగ్గుతో గీసిన గీత, నా బిడ్డ ఎస్తేరు పెట్టుకున్న గుర్తు. “నా గుడ్డుల నుంచి పిల్ల ఎల్లినంకనే పట్నం వస్త” అని నిన్న సాయంత్రం నుంచి ఒకటే మాట మీద ఉంది. గుడ్డుకు చీకటి ఉండగానే చిల్లు పడింది, కందిగింజంత. ఆ చిల్లులో ముక్కు కొస కనిపిస్తుంది, కదులుతుంది, ఆగుతుంది. ఐదు గంటలు గడిచాయి. చిల్లు ఇంకా కందిగింజంతే ఉంది. నా పక్కన ఎస్తేరు, ఏడేళ్ళది, ఊపిరి కూడా మెల్లగా తీస్తోంది, కోడికి వినపడుతుందని.

ఈ గుడ్లు నావి. పైకి అనను గాని పొద్దుటి నుంచి లోపల ఇదే అనుకుంటున్నాను. మా డాక్టరమ్మ బంగ్లా వెనక సర్కారు తెల్లకోళ్ళు ఉన్నాయి, దూదిముద్దల్లాంటివి. రోజూ గుడ్డు పెడతాయి, పెట్టిన గుడ్డు మీద ఒక్క పూటైనా కూర్చోవు. పెట్టి, నలుగురికీ చెప్పి, రెక్కలు దులుపుకుని పోతాయి. వాటి గుడ్లు పిల్లలు కావాలంటే ఊరికోడి దొరకాలి. డాక్టరమ్మను బతిమాలి పదమూడు గుడ్లు తీసుకుని, తవుడు పోసిన డబ్బాలో సర్ది, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా లేచి నిలబడి తెచ్చాను. వెనక కూర్చున్న ముసలాయన, “ఏమైంది బిడ్డా, సీటుల ముల్లున్నదా?” అని అడిగాడు. రెండు పగిలాయి. పదకొండు అక్క చేతిలో పెట్టాను. ఎస్తేరుకు తెల్లపిల్లలంటే ఇష్టమని చెప్పాను. అది నిజమే గాని అసలు నిజం కాదు. ఈ ఇంట్లో నా బిడ్డ కళ్ళు రోజూ దేనిమీద పడుతున్నాయి? అక్క అలికిన నేల, అక్క కట్టిన ఉట్టి, అక్క మేక, అక్క కుండ. నాది ఒక్కటన్నా తిరుగుతూ, అరుస్తూ, గింజలు అడుగుతూ ఈ వాకిట్లో ఉండాలి, ఇవి మా అమ్మ తెచ్చినవి అని పిల్ల పదిమందికి చెప్పాలి. ఇంకో ఎత్తు కూడా వేశాను. ఇరవై ఒక్క రోజులు కదా, ఆదివారం ఇస్తే మూడో ఆదివారానికి పిల్లలవుతాయి, ఆ రోజే వచ్చి, పిల్లలను చూపించి, ఆ సంబరం మీదే బిడ్డను బస్సెక్కించాలి. ఏడుస్తుంటే ఈడ్చుకుపోయిందన్న మాట ఊళ్ళో పడకూడదు. నవ్వుతూ రావాలి, నా చెయ్యి పట్టుకుని, చర్చి ముందు నుంచి, అక్క చూస్తుండగా.

ఎత్తు పారలేదు. నిన్న ఆదివారం గంపలో ఒక్క గుడ్డు కూడా పలకలేదు. బస్సు కుదుపులకు చచ్చాయేమో అనుకున్నాను. అక్క మాత్రం నిమ్మళంగా, “రేపైతయి చెల్లె, నేను సోమారం ఏసిన గద” అంది. నేను ఇచ్చింది ఆదివారం. ఆమె పొదగేసింది సోమవారం. “ఆదివారం దేవుని దినం. మనం పని బంద్ చేసి కోడిని పనికి పెడ్తమా?” మూడు ఆదివారాలు ఆ కోడి గుడ్ల మీదే కూర్చుంది కదా అంటే, “మొదలుపెట్టుడు మనది, కూసునుడు దానిది” అంటుంది. మా అమ్మ కూడా అంతే, ఆదివారం గుడ్లు పొదగేసేది కాదు, పాలు తోడుపెట్టేది కాదు. ఆ తల్లి కడుపునే పుట్టి, ఆ గంపల మధ్యనే పెరిగి, పదేళ్ళు దవాఖానలో ఆదివారాలూ సోమవారాలూ ఒకటిగా డ్యూటీలు చేసి ఆ పట్టింపు నాకు గుర్తే లేకుండా పోయింది. లేక అక్క కావాలనే ఒక రోజు జరిపిందా? ఒక రోజు. ఆ పిల్ల ఇంకొక రాత్రి తన పక్కలో పడుకోవడానికి. ఛీ, ఏం బుద్ధి నాది, మూడు వారాల ముందే ఆమెకెట్లా తెలుస్తుంది నేను ఏ రోజు వస్తానో, అయినా అనుకుంటాను, అనుకోవడానికి పైసలు అడగరు కదా. సెలవు ఒక పూట పొడిగించుకున్నాను. మేట్రన్ ముఖం మాడుస్తుంది.

అక్క గుడ్లు పొదగేసే తీరు చూస్తే పాస్టరుగారికి జ్వరం వస్తుంది. గడ్డి అడుగున ఒక ఇనుప మేకు, ఒక బొగ్గు ముక్క, రెండు ఎండుమిరపకాయలు. మిరుగు కార్తె వానలు కదా, ఉరిమితే గుడ్లు మురిగిపోతాయని. పైన మాత్రం ప్రార్థన. పంతొమ్మిదో రోజున గోరువెచ్చని నీళ్ళలో గుడ్లు వేసి చూసిందట, బతికిన గుడ్డు నీళ్ళలో వణుకుతుంది, చచ్చింది ఊరికే తేలుతుంది. రెండు వణకలేదు. తొమ్మిది వణికాయి. ఎస్తేరు నాకు ఈ సంగతి చెప్పినప్పుడు దాని కళ్ళు చూడాలి. “నా గుడ్డు అన్నిట్ల కంటె ఎక్కువ ఊగిందమ్మా, నీళ్ళు ఎగిరినయి!” నేను తెచ్చిన గుడ్డు. అక్క నీళ్ళు. పిల్లకు గుర్తున్నది నీళ్ళు.

పోయిన ఏడాది కూడా తెచ్చాను ఇట్లాగే. తొమ్మిది పిల్లలయ్యాయి. తెల్లగా ఉంటే గద్ద కంట పడతాయని అక్క వాటికి గులాబీ రంగు పూసింది. గులాబీ పిల్లల వెనక ఎస్తేరు, దాని వెనక అక్క, ఆ ఊరేగింపు నేను నెలకు రెండు ఆదివారాలు చూసి పోయేదాన్ని. మూడో నెలలో రంగు పోయి, నెత్తి మీద తురాయిలు ఎర్రబడ్డాక తెలిసింది, తొమ్మిదిలో ఏడు పుంజులు. ముగ్గురు కొడుకులను కన్నది మా అక్క, ఒక్కడూ ఇంట లేడు, ముగ్గురూ చెరుకు కొట్ట పోయి బోధన్ వైపే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని, నన్ను పేరు పెట్టి పిలిచి నవ్వింది, “ఏంది జ్ఞానీ, నా ఇంట్లకు ఏదొచ్చినా మొగదే అయితది. ఒక్క ఎస్తేరే తప్పిపోయొచ్చింది.” తప్పిపోయి వచ్చిందట. నేను తెచ్చి పడుకోబెట్టి పోయాను, ఎనిమిది నెలల పిల్లను, రాత్రి డ్యూటీలకు ఎత్తుకుపోలేక. తప్పిపోయి రావడం ఏమిటి? ఏడు పుంజులు ఒకేసారి కూత నేర్చుకున్నాయి. కూత కాదు అది, చిరిగిన తప్పెట. తెల్లవారుజాము నాలుగింటి నుంచి ఒకదాని మీద ఒకటి, ఇంటి కప్పు మీద ఒకటి, ఎడ్లబండి మీద ఒకటి. ఊరి పెట్టలను బతకనియ్యవు, ఒకదాన్నొకటి చూస్తే పీకులాట, వాకిలంతా తెల్ల ఈకలు, నూకలు ఎన్ని పోసినా చాలవు. అమ్ముదామంటే కొనేవాళ్ళు లేరు. పసుపు తోట హన్మవ్వ పోచమ్మ మొక్కుకు పుంజు కావాలని వచ్చి, వాకిట్లో నిలబడి ముక్కు మీద వేలేసుకుంది. “గిదేంది కమలమ్మా, కొంగలను సాదుతున్నవా? మా పోచమ్మ తెల్లది ముట్టది. ఎర్రదో నల్లదో ఉంటె సెప్పు.” అక్క కూడా తగ్గలేదు. “మా దేవునికి రంగు పట్టింపు లేదు హన్మవ్వా, ఉడికితే సాలు.” అట్లా ఆ పుంజులు మొక్కులకు పనికిరాక మా మతానికే మిగిలాయి. ఒకటి చర్చిలో పంటల పండుగకు. ఒకటి మా బావ ఏసయ్య వాళ్ళ అన్న వచ్చిన రోజు. ఒకదాని కన్ను పీకులాటలో పోతే దాన్ని జ్వరం వచ్చిన పొరుగింటి సాయవ్వకు చారు కోసం ఇచ్చేసింది. ఒకటి పిల్లి పాలు. ఇంకొకటి కాళ్ళు కట్టి నా చేతికిచ్చింది, పట్నం తీసుకుపోయి కోసుకొమ్మని. “ఇది కూసిందంటె నిన్ను దించుత” అన్నాడు కండక్టరు, పట్నం వచ్చేదాకా దాని ముక్కు మూసి పట్టుకున్నాను.

పుంజులు పోవడం కాదు నన్ను కోసింది. వాటికి ఎస్తేరు పేర్లు పెట్టింది. మెడ చాచి ఎంతసేపటికీ కూత ఆపని దానికి పాస్టరు. ఒంటికాలి మీద వేలాడినట్టు నిలబడేది కండక్టరు. పొట్టది పట్వారి. రెండు పెట్టల్లో ఒకటి హన్మవ్వ, ఇంకొకటి సాయవ్వ. అక్క బూడిద కోడికి అవ్వ. నేను నవ్వుతూనే అడిగాను, “మరి నా పేరు దేనికి పెట్టినవే?” పిల్ల కోళ్ళను ఒక్కొక్కటే చూసింది, అబద్ధం ఆడటం రాని పిల్ల, “నువ్వు ఈడ ఉండవు గద” అంది. ఇంకొక ఆదివారం వచ్చేసరికి కండక్టరును కోశారు. ఎస్తేరు ఏడ్చి ఏడ్చి గోడ వైపు తిరిగి పడుకుంది. కూర వేసిన గిన్నె పట్టుకుని నేను కూర్చున్నాను, ఒక్క ముద్ద తినమ్మా, నా బంగారు కదా, పట్నం నుంచి నీకోసం వచ్చాను కదా, ముద్ద తీసుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అక్క పొయ్యి దగ్గర నుంచి వచ్చి, ఏమీ బతిమాలకుండా, నా చేతిలోని గిన్నెలోనే చెయ్యి పెట్టి, “లే, నోరు తెరువు” అంది. తెరిచింది. కన్నీళ్ళు కారుస్తూనే, తనకు ఇష్టమైన పుంజునే, అక్క చేతి నుంచి తిన్నది. ఆ రోజు నుంచి కోడికూర నాకు సయించదు. జయరాజ్‌కు, నా మొగుడికి, ఎందుకో తెలియదు. ఫ్యాక్టరీలో చెరుకు తూకం దగ్గర రోజంతా నిలబడి వచ్చే మనిషి, ఆయనకు ఇవన్నీ ఎక్కడ చెప్పను? చెబితే, “మీ అక్కనే గదనే, పరాయిదా?” అంటాడు. పరాయిదైతే ఎంత బాగుండేది. తిట్టేదాన్ని.

మా వైపు తల్లిని అవ్వ అంటారు. అక్క కొడుకులు అక్కను అవ్వ అన్నారు, పిల్లా అదే నేర్చుకుంది. నన్ను మాత్రం అమ్మ అంటుంది. ఎవరు నేర్పారు? నేనే. పట్నంలో డాక్టరమ్మ పిల్లలు అమ్మా అని సాగదీసి పిలుస్తుంటే ముద్దుగా వినపడి, ఊరి మాట వద్దు, అమ్మా అను అని పట్టుపట్టి నేర్పాను. తల్లి పేరు తీసుకుపోయి నా చేతులతో అక్కకిచ్చి, నేను డాక్టరమ్మ ఇంటి మాట ఒకటి కట్టుకుని తిరుగుతున్నాను. నిన్న రాత్రి పిల్లను నా పక్కలో వేసుకున్నాను. దానికి అలవాటు, నిద్రలో పక్కనున్న మనిషి చెవి పట్టుకోవడం. చెయ్యి తడుముతూ వచ్చింది. అక్క చెవికి పెద్ద గంటీలు, సాగిన తమ్మె. నా చెవి చిన్నది, ఒక రాయి దుద్దు. వేళ్ళు రెండుసార్లు తడిమి, ఇది కాదనుకుని, వెనక్కి పోయాయి. నిద్రలోనే. మెలకువలో అయితే మర్యాదకన్నా పట్టుకునేదేమో.

తొమ్మిది యాభై. ముక్కు కొస కదిలింది. ఎస్తేరు నా మోచెయ్యి గిల్లింది, ఆనందంతో, నా ఒళ్ళంతా వెచ్చబడింది, ఈ గిల్లుడు నాకు, నాకే. మళ్ళీ ఆగింది. అక్క జొన్నరొట్టెలు మూటకట్టి, పిల్ల బట్టలు సంచిలో సర్ది, గడప మీద నిలబడింది. పిల్ల పోతోందని ఏడవదు, నవ్వదు, రొట్టెలు కట్టింది అంతే. ఏడిస్తే నాకు ఒక దారి ఉండేది.

“అక్కా, జరంత పెంకు తీస్తె ఎల్తది గద.”

“వద్దు. లోపటి పొరకు ఇంక నెత్తురు అంటుకొని ఉంటది. అది గుంజుకున్నంకనే బయటికి రావాలె. మనం ఒలిస్తె కారిపోతది.”

“అవునమ్మా, ముట్టొద్దు” అంది ఎస్తేరు పెద్ద మనిషిలా. “పుట్టేదాన్ని మనం పుట్టియ్యొద్దట. అవ్వ సెప్పింది.”

అవ్వ చెప్పింది. పదేళ్ళుగా కాన్పుల వార్డులో చేస్తున్నాను నేను. అడ్డం తిరిగినవాళ్ళు, పేగు చుట్టుకున్నవాళ్ళు, నొప్పులు ఆగిపోయినవాళ్ళు, ఎందరిని చూశాను, డాక్టరమ్మ పటకారు పెట్టి లాగితే నీలంగా బయటపడ్డ పిల్లలను తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచి ఏడిపించిన చేతులివి. వదిలేస్తే చచ్చేవాళ్ళే వాళ్ళంతా. ఊరివాళ్ళు వదిలేస్తారు, పట్నంలో లాగుతారు, అంతే తేడా. పుట్టియ్యొద్దట. మరి నా పిల్లను ఎవరు పుట్టించారు, రెండు రోజుల నొప్పుల తర్వాత, ఆ వార్డులోనే, ఆ పటకారుతోనే. దాని కణత మీద ఆ గుర్తు ఇంకా ఉంది, జుట్టు కింద. అక్క ఎప్పుడూ ఆ గుర్తు మీదికి జుట్టు దువ్వుతుంది. దాచినట్టు. నన్ను దాచినట్టు.

“ఎస్తేరూ” అంది అక్క, “ఆకలైతది పిల్లలకు. చర్చి గోడ పొంట చెదల కుండ బోర్లించినం గద, తేపో.” పేడా గడ్డీ నింపి కుండ బోర్లిస్తే రాత్రికి రాత్రి చెదపురుగులు పట్టి ఉంటాయి, పిల్లలకు మొదటి మేత అదే. ఎస్తేరు గుడ్డు వైపు చూసి, నా వైపు చూసి, “నేనచ్చేదాక ఎల్లనియ్యకు” అని నవ్వి పరుగెత్తింది. అక్క నీళ్ళ బిందె తీసుకుని దొడ్డివైపు పోయింది. అర్రలో కోడీ నేనూ మిగిలాం. పది దాటి ఐదు నిమిషాలు. రోడ్డు దాకా నడక పది నిమిషాలు. ఆ గుడ్డు ఇట్లాగే ఉంటే పిల్ల కదలదు, పిల్ల కదలకపోతే బస్సు పోతుంది, బస్సు పోతే బడిలో సీటు పోతుంది, సీటు పోతే ఇంకొక ఏడాది, ఇంకొక ఏడాది అంటే ఇంకొక వంద పుంజుల పేర్లు, ఆ పేర్లలో నేనుండను. కోడి నా వైపు ఒంటికంటితో చూసింది. అవ్వ అని పేరున్న కోడి. నీ గుడ్డు కాదే ఇది, నేను తెచ్చాను, బస్సులో నిలబడి తెచ్చాను. చెయ్యి పెడితే పొడిచింది. పొడిస్తే పొడిచింది. గుడ్డు వెచ్చగా ఉంది, ఒంట్లోంచి ఇప్పుడే తీసినంత వెచ్చగా. చిల్లు అంచున గోరు పెట్టి ఒక్క ముక్క, చిన్న ముక్క, లేపాను. ఏమీ కాలేదు. చూశావా. ఇంకొక ముక్క. లోపల తెల్లని పొర, తడి ఆరి కాగితంలా ఉంది. పొర కింద ఈకలు కదిలాయి, సన్నగా కీచుమంది, ఆ కీచులో ఎంత ఆశ ఉందో, తియ్యి తియ్యి అన్నట్టే వినపడింది. పిల్ల తిరిగొచ్చేసరికి నా అరచేతిలో తెల్లపిల్ల ఉంటుంది. నా గుడ్డుల నుంచి ఎల్లింది అని ఎగురుతుంది. నా మెడ చుట్టూ చేతులు వేస్తుంది. పొర కొస పట్టుకుని లాగాను. ఒక ఎర్రని గీత, దారమంత, పొర మీద పాకింది. వేలితో అదిమాను. వేలి కింద నుంచి పక్కకు వచ్చింది. చినుకంత నెత్తురు, అంతే, దవాఖానలో బకెట్లు ఎత్తిపోసిన దాన్ని, ఆ చినుకు మీది నుంచి వేలు తియ్యలేకపోయాను.

బిందె దించిన చప్పుడు వినలేదు. అక్క నా వెనకే ఉంది. నా చేతిలోంచి తీసుకుని, కొంగు తడిపి, పెంకు ముక్కను మళ్ళీ దాని మీద కప్పినట్టు పెట్టి, రెండు చేతుల మధ్య మూసి ఊపిరి ఊదింది. ఆ కోడిపిల్ల ముక్కు తెరిచింది, మూసింది. ఇంకోసారి తెరిచింది. మూయలేదు. అక్క నా వైపు చూసింది. ఏం చూపు అది? కోపమైతే బాగుండును. చిన్నప్పుడు నేను పాలకుండ పగలగొట్టిన రోజు అమ్మ రాకముందు ఇట్లాగే చూసింది, ఏదో మోయడానికి భుజం సర్దుకున్నట్టు.

గడపలో ఎస్తేరు, రెండు చేతులతో చెదల కుండ పట్టుకుని. అక్క అరచేతుల వైపు చూసింది. నెత్తురు చూసింది. బొగ్గు గీత చూసింది.

“ఎవలు ఒలిసిండ్రు?”

నేను నోరు తెరిచాను. ప్రమాణంగా తెరిచాను. నాకంటే ముందు అక్క గొంతు వచ్చింది.

“నేనే బిడ్డా. ఎల్తలేదని ఒలిసిన. తొందరపడ్డ.”

కుండ కింద పడింది, చెదలు నేలంతా పారాయి. “నువ్వే ముట్టొద్దంటివి గదా! నువ్వే అంటివి గదా!” అని నా బిడ్డ అక్క మీదికి దూకింది. రెండు పిడికిళ్ళతో తొడల మీద, కడుపు మీద, చేతికందిన చోటల్లా. అక్క చేతులు అడ్డం పెట్టలేదు, ఆ చచ్చిన పిల్లను దోసిట్లో పైకెత్తి పట్టుకుని, దెబ్బలు తింటూ నిలబడింది, “కొట్టు బిడ్డా, నాదే తప్పు” అంటూ. కోడి గంపలో లేచి నిలబడి అరుస్తోంది. అప్పుడు ఎస్తేరు అలిసిపోయి, వగరుస్తూ, వెనక్కి తిరిగి, నా చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది. “అమ్మా, పోదాం పా. నేను ఈడ ఉండ.”

నేను కోరింది అదే. ఆరేళ్ళుగా కోరింది, అదే మాట, అక్క వినేటట్టు. వచ్చింది. తీసుకున్నాను. సంచి తీసుకున్నాను, రొట్టెల మూట తీసుకున్నాను, పిల్ల చెయ్యి తీసుకున్నాను. బావ చర్చి దగ్గర నుంచి చెయ్యి ఊపాడు. అక్క రోడ్డు దాకా వచ్చింది, మాకు పది గజాల వెనకగా, ఎస్తేరు తిరిగి చూడలేదు. ఎందుకన్నావు అక్కా ఆ మాట? నన్ను కాపాడడానికా? పిల్లను నాకు ఇవ్వడానికా? లేక ఇచ్చి, ఇచ్చానన్న పెద్దరికం కూడా నువ్వే ఉంచుకోవడానికా? నేనైతే అనేదాన్నా? నీ తప్పును నా మీద వేసుకుని, నా బిడ్డ కళ్ళలో నేను చెడ్డదాన్నయ్యేదాన్నా, నీకోసం? లేదు. ఆ సంగతి నీకూ తెలుసు నాకూ తెలుసు. అదే మండుతోంది. బస్సు వచ్చి ఆగింది. అక్క చేతులు ఇంకా కొంగులోనే చుట్టుకుని ఉన్నాయి.

బస్సు కదిలాక ఎస్తేరు కళ్ళు తుడుచుకుంది. “అమ్మా, కిటికీ దగ్గర కూసోనా?” అని అడిగింది. అడిగి, నేను ఊఁ అనేదాకా ఆగింది. అక్క ఇంట్లో అది ఏదీ అడగదు, ఉట్టి మీది పెరుగైనా ఎక్కి తీసుకుంటుంది. నన్ను అడుగుతుంది. ముద్దుగా, వంగి, చుట్టాలింటికి వచ్చిన పిల్లలాగా. ఇన్నేళ్ళలో నా మీద ఒక్కసారి అలిగిందా? జుట్టు పీకిందా? నువ్వద్దు పో అని తోసిందా? ఎప్పుడు వచ్చినా నవ్వింది, ఎప్పుడు పోతున్నా సరే అంది. ఆ పిడికిళ్ళు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఎంత చొరవ ఆ దెబ్బల్లో. ఒళ్ళంతా నీదే అన్నట్టు, ఎంత కొట్టినా ఎక్కడికీ పోవన్నట్టు. నా గోటి కింద ఎండిన నెత్తురుంది, ఆ దెబ్బలు నావి, నాకు పడాల్సినవి, అవి కూడా కమలక్కే తిన్నది.

పసుపు చేలు వెనక్కి పోతున్నాయి. అప్పుడు నాకు దెబ్బలు కావాలనిపించింది. మంచితనం కాదు, నిజాయితీ కాదు, నాకు అంత గొప్పతనం లేదు, అక్కకు దక్కినది నాకు కావాలి, అంతే.

“ఎస్తేరూ. ఆ గుడ్డు ఒలిచింది అవ్వ కాదు. నేను.”

పిల్ల ముఖం నా వైపు తిప్పింది. నేను ముఖం దాని చేతికి అందేటట్టు దగ్గరికి వంచాను. ఒళ్ళో ఉన్న చిన్న వేళ్ళు ముడుచుకున్నాయి, పిడికిలి అయ్యాయి. తర్వాత ఒక్కొక్క వేలే విచ్చుకుంది.

“అవ్వకు నొచ్చి ఉంటది” అంది మెల్లగా.

లంగా సర్దుకుని, మా ఇద్దరి నడుమ జానెడు చోటు విడిచి, కిటికీ వైపు జరిగి కూర్చుంది.